700 మెగాబైట్ల న్యాయం

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను జనానికి అందించే సంస్థలు స్వయంగా రాసే ప్రోగ్రాములు తక్కువ, ఇతరులు రాసినవాటిలోంచి ఏరి కూర్చేవి ఎక్కువ. యంత్రభాగాలతో నేరుగా వ్యవహరించే కెర్నెల్ అనే మూలభాగాన్ని లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ పేరుతో 1991లో మొదలుపెట్టగా, దాని చుట్టూ ఉండవలసిన పనిముట్లలో అధికభాగం రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చింది. తెరమీది మెనూలు, బ్రౌజర్, మెయిల్ చదివించేది, పాటలు వినిపించేది, ఫొటోలు దిద్దేది, ఇవన్నీ ఒకరి కింద ఒకరు పనిచెయ్యని వేర్వేరు బృందాల చేతిపని. వీటన్నిటినీ సేకరించి, ఒకదానితో ఒకటి పొసిగేట్టు సర్ది, ఒకేసారి యంత్రంలోకి ఎక్కించగలిగేట్టు చేసిన కూర్పును డిస్ట్రిబ్యూషన్ అని, వాడుకలో డిస్ట్రో అని అంటారు. డెబియన్ వంటి పెద్ద డిస్ట్రో తన రిపోజిటరీలో, అంటే ప్రోగ్రాములను భద్రపరచి అడిగినవారికి అందించే సర్వర్లలో, పదుల వేల ప్యాకేజీలను ఉంచుతుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్ తెరమీద మాత్రం వాటిలో పట్టుమని పాతిక ముప్ఫై పేర్లకు మించి కనిపించవు. ఆ పాతిక పేర్లూ ఏవి కావాలన్న నిర్ణయంలోనే ఒక డిస్ట్రోకు మరో డిస్ట్రోకు ఉన్న తేడా చాలావరకు దాగి ఉంటుంది. ఎందుకంటే లోపలి సరుకు అందరిదీ దాదాపు ఒకటే.

ఈ ఎంపికను ఎవరైనా ఆక్షేపిస్తే సాధారణంగా వినిపించే సమాధానం ఒకటుంది. నచ్చనిదాన్ని తీసేసి నచ్చినదాన్ని పెట్టుకునే స్వేచ్ఛ అందరికీ ఉన్నప్పుడు, మొదట ఏది పెట్టి ఇచ్చారన్నది పెద్దగా పట్టించుకోవలసిన సంగతి కాదని ఆ సమాధానం సారాంశం. లైసెన్సు షరతుల వరకే చూస్తే ఇందులో దోషం లేదు. అయితే మార్చుకోదలచినవారికి ముందుగా మరొకటి ఉందన్న సంగతి తెలియాలి, దాని పేరు తెలియాలి, దించుకోవడానికి నెట్ ఉండాలి, సిస్టమ్ అడిగే పాస్‌వర్డ్ తమ దగ్గర ఉండాలి. బడిలోనో గ్రంథాలయంలోనో మరెవరో సిద్ధం చేసి పెట్టిన కంప్యూటర్ ముందు కూర్చునేవారికి ఈ నాలుగింటిలో ఒక్కటీ లేకపోవచ్చు. పెళ్ళి పంక్తిలో విస్తట్లో పడ్డదాన్ని తినకుండా వదిలెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, వడ్డించనిదాన్ని అడిగి వేయించుకోవాలంటే అది వంటశాలలో ఉందని తెలియడమే కాక అడగగల చొరవ కూడా ఉండాలి. తీసెయ్యడానికీ తెచ్చుకోవడానికీ మధ్య ఉన్న ఈ అసమానతను లెక్కలోకి తీసుకోని ఏ వాదమైనా, ఇప్పటికే అన్నీ తెలిసినవారిని మాత్రమే దృష్టిలో పెట్టుకున్న వాదం అవుతుంది.

ముందే పెట్టి ఇచ్చిన ప్రోగ్రాము వల్ల కలిగే ఫలితాలు దాన్ని వాడేవారి దగ్గరే ఆగిపోవు. దాని గురించే పుస్తకాలు వస్తాయి, దానిలోని తప్పులే ఎక్కువమంది కంటపడి ఎక్కువగా నివేదిక అవుతాయి, స్వచ్ఛందంగా అనువాదం చేసేవారు తమకున్న కొద్దిపాటి తీరికను దాని మీదే ఖర్చుపెడతారు, సరిచేసేవారూ అటే చేరతారు; పక్కనున్న సమర్థమైన ప్రోగ్రాము ఆదరణ లేక క్రమంగా వెనకబడుతుంది. డెబియన్‌లో పాప్యులారిటీ కాంటెస్ట్ అనే చిన్న ప్యాకేజీ ఉంది. సమ్మతించినవారి యంత్రాల్లో ఏయే ప్యాకేజీలు ఉన్నాయో, వాటిలో ఇటీవల తెరిచినవి ఏవో, ఫైళ్ళను చివరిసారి ముట్టుకున్న సమయాన్ని బట్టి గుర్తించి ఆ వివరాలను అది వారానికోసారి డెబియన్ సర్వర్‌కు పంపుతుంది. డెబియన్‌ను అనేక డిస్కులుగా తయారుచేసేటప్పుడు, ఎక్కువమంది వాడేవి ముందు డిస్కుల్లోకి రావాలన్న ఉద్దేశంతో ఈ లెక్కలనే ఆధారం చేసుకుంటారు. చూడడానికి ఇంతకన్నా ప్రజాస్వామికమైన పద్ధతి లేదనిపిస్తుంది. కాని మొదటి డిస్కులో ఉన్నదే ఎక్కువ యంత్రాల్లోకి చేరుతుంది, ఎక్కువ యంత్రాల్లో ఉన్నదే వచ్చేసారి లెక్కల్లో పైన నిలుస్తుంది, పైన నిలిచింది గనక మళ్ళీ మొదటి డిస్కులోకే వస్తుంది. జనం కోరుకున్నది ఏది, జనానికి అలవాటు చేసినది ఏది అన్న విభజన ఆ అంకెల్లో కనిపించదు. అంకెలు అబద్ధమాడవు గాని, ఇక్కడ అవి చెబుతున్నది కొంతవరకు నిన్నటి నిర్ణయాన్నే.

ఈ నిర్ణయాలకు ఒకప్పుడు బయటనుంచి ఒక హద్దు ఉండేది, అది సీడీ. దక్షిణాఫ్రికాలో పుట్టిన వ్యాపారవేత్త మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కానానికల్ సంస్థ 2004 అక్టోబరులో ఉబుంటు మొదటి విడుదలను వెలువరించినప్పుడు, డెస్క్‌టాప్ అంతా ఒక్క సీడీలో, అంటే సుమారు 700 మెగాబైట్లలో ఇమడాలన్నది దాని ప్రధాన నియమాల్లో ఒకటి. మరుసటి ఏడాది వెలువడిన డెబియన్ 3.1 పూర్తిగా కావాలంటే పదికి మించిన సీడీలు పట్టేవి. అప్పటి డిస్ట్రోలు చాలావాటిలో ఒకే పనికి నాలుగైదు ప్రోగ్రాములు వరసగా ఉండి, కొత్తగా వచ్చినవారు మెనూ తెరవగానే ఏది నొక్కాలో తోచక బిక్కమొహం వేసే పరిస్థితి ఉండేది. ఉబుంటు ఒక పనికి ఒకే ప్రోగ్రాము అన్న పద్ధతిని పాటించింది. బ్రౌజర్ ఒకటి, మెయిల్‌కు ఒకటి, ఆఫీసు పనులకు ఒకటి, పాటలకు ఒకటి. తక్కినవి రిపోజిటరీలో ఉంటాయి, కావలసినవారు దించుకుంటారు. షిప్‌ఇట్ అనే ఏర్పాటు ద్వారా ఆ సీడీలను అడిగినవారికి ఉచితంగా పోస్టులో పంపే పని 2011 దాకా సాగింది. ఇంటికి వచ్చే నెట్ డయలప్ వేగంలోనే ఉన్న ఆ రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి అందే మార్గాలు భారతదేశంలో ఎక్కువమందికి రెండే: ఇలా పోస్టులో వచ్చిన సీడీ, లేదా ఢిల్లీ నుంచి 2003లో మొదలైన లినక్స్ ఫర్ యూ వంటి పత్రికతోపాటు వచ్చే డిస్కు.

సీడీ హద్దులో ఒక మేలు ఉంది. కొత్తగా ఏదైనా చేర్చాలంటే ఉన్నవాటిలో ఏదో ఒకటి బయటికి పోవాలి గనక, ఫలానా ప్రోగ్రాము గొప్పదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది కాదు, అది ఎవరి చోటును ఆక్రమించబోతోందో కూడా చెప్పవలసి వచ్చేది. అభిరుచుల తగవు ఆ విధంగా మెగాబైట్ల లెక్కలోకి దిగివచ్చి, పరిష్కారానికి వీలైన తగవుగా మారేది. అయితే ఆ న్యాయానికి తూకమే గాని చూపు లేదు. వేర్వేరు భాషల్లో మెనూలు కనిపించాలంటే ఒక్కొక్క భాషకు అనువాదాల ప్యాకేజీ ఉండాలి. సీడీలో కొద్ది భాషలకే చోటు దొరికేది, తక్కిన భాషలవారు ఇన్‌స్టాల్ చేసే సమయంలోనో తరవాతనో నెట్ ద్వారా దించుకోవలసి వచ్చేది. తెలుగు ప్యాకేజీ ఉండేది, స్వచ్ఛంద కార్యకర్తలు ఓపికగా అనువదించిన పదాలు అందులో వేలకొద్దీ ఉండేవి, కాని అది సర్వర్‌లో ఉండేది. ఎవరికి నెట్ అందుబాటులో లేక సీడీ అవసరమైందో వారికే తమ భాష అందకుండా పోయిందన్నమాట. ఇంగ్లీషు రాని పిల్లవాడికి పాటల ప్రోగ్రాము ముఖ్యమా, తెలుగు మెనూలు ముఖ్యమా అన్న ప్రశ్న మెగాబైట్లను లెక్కపెట్టినంత మాత్రాన తేలేది కాదు.

ఆ రోజుల తగవుల్లో అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయినది గింప్‌ను తీసెయ్యడం. గింప్ అనేది ఫొటోలను, బొమ్మలను దిద్దే ప్రోగ్రాము. ఫొటోషాప్ చేసే పనుల్లో చాలా భాగం చెయ్యగలది. 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 10.04 నుంచి దాన్ని సీడీలో ఇవ్వకూడదని నిర్ణయించారు. దాని తెర మామూలువారికి కొరుకుడుపడదని, అది వృత్తి నిపుణులకు సంబంధించిన సాధనమని, డిస్కులో చాలా చోటు తీసుకుంటుందని, ఫొటోను కత్తిరించడం, కళ్ళలోని ఎరుపు తొలగించడం వంటి చిన్న పనులు ఎఫ్‌స్పాట్ అనే మరో ప్రోగ్రాముతోనే అయిపోతాయని కారణాలు చెప్పారు. వాడుకరుల్లో చాలామంది దీన్ని సౌకర్యానికి సంబంధించిన మార్పుగా కాక గౌరవభంగంగా భావించారు, అందుకు చరిత్రలో కారణం ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులుగా ఉన్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1990ల నడుమ గింప్‌ను రాస్తూ, బటన్లు, మెనూలు, కిటికీలు గీసే పనికి అప్పుడున్న మోటిఫ్ అనే అమ్మకపు సామగ్రి మీద ఆధారపడడం ఇష్టంలేక, తమదైన జీటీకే అనే సామగ్రిని తయారుచేసుకున్నారు. ఆ పేరులోని మొదటి అక్షరం గింప్‌దే. 1997లో గ్నోమ్ డెస్క్‌టాప్ ప్రారంభమైనప్పుడు దానికి పునాది అయింది ఆ జీటీకేనే. గ్నోమ్ మీద నిలిచిన ఉబుంటు తన డెస్క్‌టాప్ పుట్టుకకు కారణమైన ప్రోగ్రామునే బయట పెట్టిందన్నమాట.

చరిత్ర పట్ల కృతజ్ఞత వేరు, డిస్కులో చోటు వేరు; ఈ రెండింటినీ కలపకపోవడంలో ఉబుంటువారి విజ్ఞత కనిపిస్తుంది. సెలవుల్లో తీసిన ఫొటోను కాస్త వెలుగు పెంచి చూసుకోవాలనుకునే మనిషికి గింప్ తెరవడం భారమేనన్నది కాదనలేని మాట. నిర్ణయం సబబే గాని, చెప్పిన కారణాల్లో ఒకటి నిలవలేదు. గింప్ లేని లోటు తీరుస్తుందని చెప్పిన ఎఫ్‌స్పాట్ ఆరునెలలు తిరక్కుండానే, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 10.10 విడుదలలో తన చోటును షాట్‌వెల్ అనే మరో ప్రోగ్రాముకు వదులుకుంది. ఒకదాన్ని తీసెయ్యడానికి మరొకదాన్ని సాక్ష్యంగా నిలబెట్టేవారు ఆ సాక్షి ఎన్నాళ్ళుంటుందో కూడా ఆలోచించుకోవలసి ఉంటుంది.

ఎఫ్‌స్పాట్ కథలో మరో పొర ఉంది. ఏ ప్రోగ్రామూ ఒంటరిగా రాదు. అది నడవడానికి కావలసిన ఇతర ప్యాకేజీలను, అంటే డిపెండెన్సీలను, వెంటబెట్టుకుని వస్తుంది. ఎఫ్‌స్పాట్, చిన్న చిన్న నోట్సు రాసుకునే టామ్‌బాయ్, పాటలు వినిపించే బాన్షీ, ఈ మూడూ మోనో అనే వేదిక మీద నడిచేవి. మైక్రోసాఫ్ట్ రూపొందించిన డాట్‌నెట్‌కు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో చేసిన ప్రతిరూపం మోనో. 2009లో డెబియన్‌లో టామ్‌బాయ్ కారణంగా మోనో కూడా గ్నోమ్ డెస్క్‌టాప్‌తోపాటు అప్రయత్నంగా చేరే పరిస్థితి వచ్చినప్పుడు, ఏనాటికైనా మైక్రోసాఫ్ట్ తన పేటెంట్లను అడ్డుపెట్టవచ్చునని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను అటువంటి పునాది మీద నిలపడం ప్రమాదమని స్టాల్మన్ బహిరంగంగా హెచ్చరించాడు. అదే ఏడాది టామ్‌బాయ్‌ను సీ ప్లస్ ప్లస్ భాషలో తిరగరాసిన జీనోట్ వచ్చింది, ఫెడోరా అనే డిస్ట్రో దాన్ని తన డెస్క్‌టాప్‌లో పెట్టుకుంది. నాలుగు ముక్కలు రాసుకునే పసుపుపచ్చ చీటీ వంటి ప్రోగ్రాము చుట్టూ ఇంత రాజకీయం నడవడం బయటివారికి నవ్వులాటగా తోచవచ్చు; కాని ముందే పెట్టి ఇచ్చేదాని బరువు దాని సొంత పరిమాణంలో కాక, దానివెంట వచ్చే పరివారంలో ఉంటుందని ఆ తగవు స్పష్టం చేసింది. ఉబుంటు 12.04లో బాన్షీ, టామ్‌బాయ్ రెండూ పోయాక మోనో కూడా సీడీ దిగిపోయింది, దాంతో గణనీయమైన చోటు ఖాళీ అయింది.

బాన్షీ విషయంలో చోటుతోపాటు డబ్బు కూడా ప్రవేశించింది. బాన్షీలో అమెజాన్ పాటల దుకాణం ఒకటి ఉండేది. దాని ద్వారా ఎవరైనా పాట కొంటే వచ్చే కమీషన్ మొత్తం గ్నోమ్ ఫౌండేషన్‌కు విరాళంగా చేరేట్టు ఆ ప్రోగ్రాము రాసినవారు ఏర్పాటు చేశారు. 2011 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 11.04లో, అంతవరకు ఉన్న రిథమ్‌బాక్స్ అనే పాటల ప్రోగ్రాము స్థానంలో బాన్షీని పెట్టాలనుకున్నప్పుడు, ఆ కమీషన్‌లో నూటికి 75 వంతులు తాను తీసుకుని, 25 వంతులు గ్నోమ్‌కు ఇస్తానని కానానికల్ ప్రకటించింది. లైసెన్సు ప్రకారం ఆ హక్కు దానికుంది; ప్రోగ్రామును కోట్లమంది ముందుకు తీసుకుపోతున్నది తానే గనక ఆ ప్రతిఫలం తనకు రావాలన్న వాదంలో కొంత న్యాయమూ ఉంది. అయినా దానం చెయ్యదలచినవారి చేతిలోంచి దానపు సొమ్మును దారి మళ్ళించినట్టు కనిపించిన ఆ పద్ధతి కానానికల్‌కు చేసిన చెరుపు, దానివల్ల వచ్చిన ఆదాయంతో పోలిస్తే ఎక్కువేనని చెప్పాలి. ఏడాది తిరిగేసరికి బాన్షీ పోయి రిథమ్‌బాక్స్ తిరిగి వచ్చింది. అంతకు ముందు 2010లో ఫైర్‌ఫాక్స్ వెతుకుడు పెట్టెలో గూగుల్‌ను మార్చి యాహూను పెట్టడానికి ఒప్పందం కుదిరిందని ప్రకటించి, విడుదలకు ముందే మళ్ళీ గూగుల్‌కు మళ్ళిన ఉదంతం, ఆ తరవాత 2012 అక్టోబరులో వచ్చిన 12.10లో, సొంత కంప్యూటర్‌లోని ఫైలు కోసం వెతికినా ఆ మాటలు కానానికల్ సర్వర్‌కు చేరి అక్కడినుంచి అమెజాన్ సరుకులు తెరమీదికి వచ్చేట్టు చేసిన ఏర్పాటు, రెండూ ఒకే కోవలోవి. స్టాల్మన్ రెండోదాన్ని నేరుగా నిఘా సాఫ్ట్‌వేర్ అని పిలిచాడు. దాన్ని ఆపివేసుకునే వీలు సెట్టింగుల్లో ఉందన్న సమాధానం అప్పుడూ వినిపించింది. చివరికి 16.04 విడుదలలో, కావాలనుకున్నవారు మాత్రమే పెట్టుకునేట్టు దాన్ని మార్చారు. ముందే ఆపి ఇవ్వడానికీ ముందే పెట్టి ఇవ్వడానికీ తేడా లేకపోతే ఆ మార్పుకు అర్థమే ఉండదు.

ఇదే పని మైక్రోసాఫ్ట్ చేస్తే న్యాయస్థానాలదాకా పోయింది. విండోస్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను కలిపి ఇచ్చినందుకు అమెరికా ప్రభుత్వం 1998లో దావా వేసింది, మీడియా ప్లేయర్‌ను కలిపినందుకు యూరోపియన్ కమిషన్ 2004లో 49 కోట్ల 70 లక్షల యూరోల జరిమానా విధించింది. తరవాత 2010 నుంచి యూరప్‌లో విండోస్ వాడేవారికి పన్నెండు బ్రౌజర్లు చూపించి ఎంచుకోమనే తెర వచ్చింది. 2011 మే నుంచి 2012 జులై దాకా ఆ తెర కొన్ని యంత్రాల్లో కనిపించకుండా పోయినందుకు మరో 56 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా పడింది. విపణిలో గుత్తాధిపత్యం ఉన్నవారికి వర్తించే చట్టం, వందల డిస్ట్రోల్లో ఒకటైన ఉబుంటుకు వర్తించదు. అక్కడ ఉన్న శిక్ష ఒక్కటే, జనం లేచి మరో డిస్ట్రోకు వెళ్ళిపోవడం. చట్టం కన్నా అది పదునైనదని కొందరంటారు. కాని లేచి వెళ్ళగలిగేది తెలిసినవారే.

డబ్బు ప్రసక్తి లేని చోట కూడా ఈ నిర్ణయం సులభం కాదని డెబియన్ అనుభవం చెబుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తప్ప మరొకటి తన ప్రధాన భాగంలో ఉండకూడదన్నది 1997 నాటి సామాజిక ఒప్పందంలో డెబియన్ చేసిన ప్రతిజ్ఞ. ఫర్మ్‌వేర్ అంటే వైఫై చిప్, గ్రాఫిక్స్ కార్డు వంటి భాగాలు పనిచెయ్యడానికి వాటిలోకి ఎక్కించవలసిన చిన్న ప్రోగ్రాము; దాని సోర్స్ కోడ్‌ను తయారీదారులు సాధారణంగా ఇవ్వరు, కాబట్టి డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్‌లో అది ఉండేది కాదు. ఫలితంగా చాలా ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ చేసే వేళ వైఫై పనిచేసేది కాదు, వైఫై పనిచెయ్యడానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను దించుకోవాలంటే వైఫై కావాలి. ఫర్మ్‌వేర్ చేర్చిన మరో డిస్కు ఇమేజ్ ఉండేది, కాని అది అనధికారికమన్న ముద్రతో వెతికితే గాని దొరకని చోట ఉండేది. కొత్త ల్యాప్‌టాప్‌లలో శబ్దానికి కూడా ఫర్మ్‌వేర్ కావలసి రావడంతో, తెరమీది మాటలను చదివి వినిపించే సాయంతో ఇన్‌స్టాల్ చేసే చూపులేనివారు అసలు మొదలుపెట్టలేని స్థితి ఏర్పడింది. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, సామాజిక ఒప్పందంలోనే ఒక వాక్యం చేర్చి, అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఆ ఫర్మ్‌వేర్‌ను ఉంచడానికి అంగీకరించారు; 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఆ విధంగా తయారైంది. పాతికేళ్ళ నాటి ప్రతిజ్ఞ సడలిందని బాధపడినవారు ఉన్నారు. అయితే ప్రతిజ్ఞ చేసినవారు దాని మూల్యాన్ని తాము చెల్లించకుండా, గదిలో లేని మూడో మనిషి చేత చెల్లించజేస్తూ వచ్చారన్న సంగతి ఆ ఓటులో ఒప్పుకోలుగా కనిపిస్తుంది, అందుకే అది డెబియన్ చరిత్రలోని గౌరవప్రదమైన నిర్ణయాల్లో ఒకటి.

డిస్ట్రోను పాఠశాలల కోసం కూర్చినప్పుడు ఈ ప్రశ్నల రూపమే మారిపోతుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కైట్ అనే సంస్థ, అంతకు ముందు ఐటీ ఎట్ స్కూల్ అనే పేరుతో, ఉబుంటు ఆధారంగా సొంత కూర్పును తయారుచేసి వాడిస్తోంది. అక్కడి ఐసీటీ పాఠ్యపుస్తకాలు జియోజీబ్రా, ఇంక్‌స్కేప్, గింప్ వంటి పేర్లతోనే పాఠాలు చెబుతాయి, ఉపాధ్యాయులకు శిక్షణా వాటిమీదే ఉంటుంది. అందువల్ల ఒక ప్రోగ్రామును మార్చాలంటే పుస్తకం మారాలి, శిక్షణ మారాలి, పరీక్ష ప్రశ్న మారాలి. కొరుకుడుపడదని ఉబుంటు బయట పెట్టిన గింప్, ఆ ఉబుంటు మీదే నిర్మించిన కేరళ కూర్పులో పాఠంగా నిలిచి ఉండడంలో వైరుధ్యమేమీ లేదు; ఒకచోట నేర్పేవారు లేరు, మరోచోట ఉన్నారు, అంతే తేడా. తెలుగు ప్రాంతాల్లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్, తరవాత పిల్లల కోసం జీకాంప్రీ, టక్స్‌పెయింట్, జియోజీబ్రా వంటివి కూర్చి రూపొందించిన బాలస్వేచ్ఛ ఈ దారిలోవే. వాటి వెనక శ్రద్ధ తక్కువ కాదు. వెనక లేనిది పాఠ్యప్రణాళిక. పరీక్షలో రానిదాన్ని కంప్యూటర్‌లో ఎంత చక్కగా అమర్చినా అది తీరికవేళ ఆటగానే మిగులుతుంది.

ఇక్కడ తెలుగువారికే ప్రత్యేకమైన ఒక ఎంపిక ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చర్చించినట్టు లేదు. లినక్స్‌లో భారతీయ భాషల టైపింగుకు విరివిగా వాడే ఎమ్17ఎన్ సంపుటిలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్టీఎస్, ఐట్రాన్స్, పోతన వంటి పలు కీబోర్డు పద్ధతులు ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వ ప్రమాణం, అన్ని భారతీయ భాషలకూ ఒకే అమరిక గనక దాన్ని ముందు నిలిపే ఆనవాయితీ ఉంది. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో ఏళ్ళ తరబడి పనిచేసినవారిలో ఎక్కువమంది వేళ్ళకు అలవాటైనది ఆపిల్ అమరిక. నెట్‌లో రాసేవారు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకునే పద్ధతికే మొగ్గుతారు. ప్రమాణాన్ని పాటించినవారు తప్పు చేశారని చెప్పలేం. కాని ఆరితేరిన తెలుగు టైపిస్టు ఒకరు కొత్త సిస్టమ్ ముందు కూర్చుని రెండు అక్షరాలు కొట్టి, వేరేవేవో పడుతుంటే ఈ కంప్యూటర్‌లో తెలుగు సరిగా రాదని తేల్చేసి లేచిపోవడానికి ఆ ఒక్క ఎంపిక చాలు. ఆయన కోరిన అమరిక ఆ యంత్రంలోనే, నాలుగు మెనూల కింద ఉంటుంది.

సీడీ హద్దు 12.10తో పోయింది, ఇప్పటి ఉబుంటు ఇమేజ్ 5 గిగాబైట్లు దాటింది. చోటు సమస్య తీరిపోయాక అన్నీ చేర్చెయ్యవచ్చు కదా అనిపిస్తుంది గాని, జరిగింది అందుకు భిన్నం. ఎందుకంటే చోటు కన్నా గట్టి హద్దు మరొకటి మొదటినుంచీ ఉంది. ఉబుంటు తన ప్యాకేజీలను మెయిన్, యూనివర్స్ అని ముఖ్యంగా రెండు భాగాలుగా ఉంచుతుంది. మెయిన్‌లో ఉన్నవాటిలో భద్రతా లోపం బయటపడితే సరిచేసే బాధ్యత కానానికల్‌ది, దీర్ఘకాలిక విడుదలలకు అయిదేళ్ళపాటు. యూనివర్స్‌లోనివి చాలాకాలం స్వచ్ఛంద కార్యకర్తల దయ. ముందే పెట్టి ఇచ్చే ప్రోగ్రాము మెయిన్‌లో ఉండి తీరాలి గనక, ఒక ప్రోగ్రామును డిస్కులో చేర్చడమంటే అయిదేళ్ళపాటు దాని తప్పులకు పూచీ పడడం. 2021లో ఫైర్‌ఫాక్స్‌ను పాత పద్ధతి ప్యాకేజీగా కాక స్నాప్‌గా, అంటే కావలసిన సరంజామా అంతా తనలోనే మూటగట్టుకుని, తయారుచేసినవారి దగ్గరనుంచి నేరుగా వచ్చే రూపంలో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొదటిసారి తెరుచుకోవడానికి ఎంతో సమయం తీసుకుంటోందని వాడుకరులు సణిగారు. ఆ ఫిర్యాదు నిజమే, కాని దాని వెనకనున్న మార్పు అంతకన్నా పెద్దది: పూచీ డిస్ట్రో చేతిలోంచి ప్రోగ్రాము తయారుచేసినవారి చేతికి మారింది.

చోటు ఉన్నా తక్కువే పెట్టి ఇచ్చే ఈ క్రమంలోనే 18.04లో మినిమల్ ఇన్‌స్టాల్ అనే వెసులుబాటు వచ్చింది. దాన్ని ఎంచుకుంటే బ్రౌజర్, కొన్ని చిన్న పనిముట్లు తప్ప ఆఫీసు, మెయిల్, పాటలు, ఫొటోల ప్రోగ్రాములు రావు. 2023 అక్టోబరులో వచ్చిన 23.10లో ఈ రెండింటి స్థానాలూ తారుమారయ్యాయి. కొద్దిపాటి ప్రోగ్రాములున్న ఎంపిక మీద ముందే గుర్తు పెట్టి ఉంచి, లిబ్రెఆఫీస్ మొదలైనవన్నీ కావాలంటే రెండోదాన్ని నొక్కమన్నారు. తమకు కావలసినవి తామే ఎంచుకునే వాడుకరులు పెరిగారని, ఉపయోగించని ప్రోగ్రాములతో వారిని విసిగించకూడదని ఈ మార్పును సమర్థించవచ్చు. కాని తనకేం కావాలో తెలిసినవారు ఏ బటన్ నొక్కాలో కూడా తెలిసినవారే. గుర్తు ఎక్కడున్నా వారికి నష్టం లేదు. అన్నిటికీ సరేనంటూ ముందుకు నొక్కుకుంటూ పోయి, చివర ఉత్తరం రాద్దామని చూస్తే ఆఫీసు ప్రోగ్రామే కనబడక తికమకపడేవారు వేరే. రెండు ఎంపికలూ ఒకే ఇమేజ్‌లో ఉన్నాయి, చోటు ఆదా అయ్యింది లేదు, ఏ ఒక్క ప్రోగ్రాము పూచీ కూడా తగ్గలేదు. మారింది ఆ గుర్తు ఒక్కటే. తరవాత దీర్ఘకాలిక విడుదలగా వచ్చిన 24.04లోనూ దాన్ని వెనక్కి మార్చలేదు.